‘వై’ నొక్కే ముందు: లినక్స్ అప్‌డేట్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఉబుంటు లినక్స్ 20.04కు అప్‌డేట్లు అందే మామూలు గడువు 2025 మేలో తీరిపోయింది. అప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు అప్‌డేట్ల గొడవే. అందుకని ఈ నెల పేజీలన్నీ దానికే ఇచ్చేస్తున్నాం. ఆదేశాలను పలికే తీరులో తెలుగులోనే అచ్చు వేస్తున్నాం. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. అడ్డగీత కనిపించిన చోట అడ్డగీత, రెండు కనిపిస్తే రెండు, గీత ముందు ఖాళీ ఉంటే ఖాళీ. ఈ ఖాళీల దగ్గరే సగం పొరపాట్లు జరుగుతాయి.

ప్రశ్న: ‘ఆప్ట్ అప్‌డేట్’ రోజూ కొడుతున్నాను. అయినా సాఫ్ట్‌వేర్ పాతదే ఉంటోంది. ‘అప్‌గ్రేడ్’, ‘ఫుల్-అప్‌గ్రేడ్’ అని ఇంకో రెండున్నాయట. ఏది ఎప్పుడు వాడాలి?
– ఒక విద్యార్థి, పెరంబూరు

జవాబు: మీరు రోజూ కొట్టు నుంచి ధరల పట్టీ తెచ్చుకుంటున్నారు, సరుకు తెచ్చుకోవడం లేదు. ఆప్ట్ అంటే ప్యాకేజీలను (కట్టలుగా వచ్చే సాఫ్ట్‌వేర్‌ను) తెచ్చి బిగించే పనిముట్టు, ముందు సుడో పెడితే అడ్మిన్ అధికారంతో నడుస్తుంది. ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ చేసే పనల్లా ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో దొరుకుతుందో ఆ జాబితాను దించి /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్‌లో పెట్టుకోవడమే. దించి బిగించేది ‘సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్’. పట్టీ తాజాగా లేకుండా అప్‌గ్రేడ్ కొడితే పాత ధరలకు బేరమాడినట్టే: సర్వర్‌లో లేని ఫైలును అడిగి 404 తెచ్చుకుంటారు. అందుకే రెండూ ఒకదాని వెంట ఒకటి కొట్టాలి.

‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ అవసరమైతే కొత్త ప్యాకేజీలను చేర్చుకుంటుంది గానీ ఉన్న ఒక్క ప్యాకేజీని కూడా తీసెయ్యదు. ‘ఫుల్-అప్‌గ్రేడ్’ తీసెయ్యడానికి కూడా వెనుకాడదు. పాత పుస్తకాల్లో కనిపించే ‘డిస్ట్-అప్‌గ్రేడ్’ ఇదే. ‘ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్’ అని గీతతో కొట్టేది మరీ పిరికిది, కొత్త పేరున్న దేన్నీ చేర్చుకోదు. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ప్రతిసారీ కొత్త పేరుతోనే వస్తుంది. అందువల్ల దీన్నే నమ్ముకున్న కంప్యూటర్లలో నెలల తరబడి పాత కెర్నలే నడుస్తుంటుంది.

రోజువారీ పనికి ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ చాలు. ఏది వాడినా ‘వై’ నొక్కే ముందు చివర వచ్చే నాలుగు అంకెలు చూడండి: పెరిగేవి ఎన్ని, కొత్తవి ఎన్ని, తీసేసేవి ఎన్ని, ఆగినవి ఎన్ని. మూడో అంకె సున్నా అయితే నిశ్చింత. కాకపోతే పైన ‘ఫాలోయింగ్ ప్యాకేజెస్ విల్ బి రిమూవ్డ్’ అన్న జాబితాను పేరుపేరునా చదవాలి. అందులో ‘ఉబుంటు-డెస్క్‌టాప్’, ‘గ్నోమ్-షెల్’, ‘నెట్‌వర్క్-మేనేజర్’ లాంటి పేరు కనబడితే ‘ఎన్’ నొక్కి బయటికి రండి. ఎక్కడో బయటి రిపాజిటరీ (ప్యాకేజీల గిడ్డంగి) ఒకటి మెలిక పెట్టిందన్నమాట.

నాలుగో అంకె గురించి కంగారు వద్దు. ఉబుంటు కొత్త అప్‌డేట్లను అందరికీ ఒకేసారి వదలదు. కొద్ది శాతం యంత్రాలకు ముందిచ్చి, చిక్కులేవీ బయటపడకపోతే శాతం పెంచుకుంటూ పోతుంది. మీ వంతు రాకపోతే ‘డిఫర్డ్ డ్యూ టు ఫేజింగ్’ అని కనిపిస్తుంది. భద్రతా అప్‌డేట్లకు ఈ వరుస ఉండదు, అవి అందరికీ వెంటనే వస్తాయి. కాబట్టి ఆగినవాటిని పేరు పెట్టి బలవంతంగా ఎక్కించడం వల్ల లాభం లేదు. పదిమంది మీద పరీక్ష జరుగుతుంటే పదకొండోవాడుగా దూరడమే అది.

ప్రశ్న: పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే ‘కుడ్ నాట్ గెట్ లాక్ /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్’ అంటుంది. లాక్ ఫైలును చెరిపేయమని ఒకరు చెప్పారు. చెరపొచ్చా?
– ఒక గృహిణి, కొడంబాక్కం

జవాబు: వద్దు. ఆ ఫైలు ఒట్టి బోర్డు లాంటిది. లోపల నిజంగానే ఎవరో పనిచేస్తున్నారు. బోర్డు పీకేసి మీరూ దూరితే ఇద్దరూ ఒకే రిజిస్టరులో రాస్తారు, అది చెడితే ఏ ప్యాకేజీ ఏ స్థితిలో ఉందో చెప్పేవాళ్ళుండరు.

ఆ సందేశాన్ని చివరిదాకా చదివితే ‘హెల్డ్ బై ప్రాసెస్’ అని ఒక నంబరు, బ్రాకెట్లలో ‘అనటెండెడ్-అప్‌గ్ర్’ అని సగం తెగిన పేరు ఉంటుంది. అది భద్రతా అప్‌డేట్లను తనంతట తాను ఎక్కించే సేవ. దాని వేళ ఉదయం ఆరు, ఆపైన గంటలోపు ఎప్పుడైనా. ఆ సమయానికి కంప్యూటర్ ఆపి ఉంటే ఆ బాకీని ఆన్ చేయగానే తీరుస్తుంది. మీకు పొద్దున్నే అడ్డం పడుతున్నది అదే. పది నిమిషాలు ఆగండి, కాఫీ తాగేలోగా అయిపోతుంది. ఏం జరుగుతోందో చూడాలంటే ‘టెయిల్ -ఎఫ్ /వార్/లాగ్/అనటెండెడ్-అప్‌గ్రేడ్స్/అనటెండెడ్-అప్‌గ్రేడ్స్.లాగ్’.

అరగంట దాటినా కదలకపోతే, ఆ నంబరు గల ప్రాసెస్ నిజంగా ఉందో లేదో ‘పీఎస్ -పీ’ తరువాత నంబరు కొట్టి చూడండి. ఉంటే, రీబూట్ చేయడం చెరపడం కంటే నయం. తిరిగి లేచాక ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’, దాని తరువాత ‘సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’. సగంలో ఆగినవి పూర్తవుతాయి.

ప్రశ్న: పదేళ్ళ నాటి డెస్క్‌టాప్. వారానికోసారి ఆన్ చేస్తాం. అప్‌డేట్ కొడితే ‘రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్’ అని వస్తోంది. కాసేపాగి కొడితే కొన్నిసార్లు సరిపోతుంది. ఇంటర్నెట్ బాగానే ఉంది.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మైలాపూరు

జవాబు: అయ్యా, తప్పు ఇంటర్నెట్‌ది కాదు, గడియారానిది. రిపాజిటరీ జాబితా మీద అది తయారైన తేదీ ఉంటుంది. మీ కంప్యూటర్ ఇంకా పోయిన వారంలోనే ఉన్నాననుకుంటోంది గనుక, ‘రేపటి తేదీ వేసిన చెక్కు’లాగా దాన్ని తిప్పి పంపుతోంది. మదర్‌బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ ఒకటుంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. పదేళ్ళకు అది అయిపోవడంలో వింత లేదు.

బ్యాటరీ పోతే 2010కో ఇంకెక్కడికో వెనక్కి పోవాలి కదా, పోయిన వారం దగ్గరే ఎందుకు ఆగింది అంటారేమో. సిస్టమ్‌డీ టైమ్‌సింక్ చివరిసారి తనకు తెలిసిన సమయాన్ని డిస్కు మీద రాసుకుంటుంది. లేవగానే కనీసం అక్కడి నుంచి మొదలుపెట్టి, తరువాత ఇంటర్నెట్‌లోని సమయ సర్వర్‌ను అడిగి సరిదిద్దుకుంటుంది. ‘కాసేపాగితే సరిపోతుంది’ అని మీరు గమనించింది ఈ దిద్దుబాటునే.

‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కొట్టి ‘సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్: యెస్’ అన్న వరుస చూశాకే అప్‌డేట్ కొట్టండి. ఎంతసేపటికీ ‘నో’ అనే ఉంటే ‘సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ’. హాస్టళ్ళలో, ఆఫీసుల్లో యూడీపీ 123 పోర్టు మూసి ఉంటే ఇది కుదరదు, తేదీ చేత్తో పెట్టాల్సిందే. అసలు మందు మాత్రం కొత్త బ్యాటరీ. రిచీ స్ట్రీట్‌లో ఏ కొట్లో అడిగినా దొరుకుతుంది, మీ వీధి చివర వాచీల కొట్లోనూ దొరుకుతుంది. ప్లగ్గు పీకి, పాతదాన్ని ఏ మొహం పైకి ఉందో చూసుకుని తీసి, ప్లస్ గుర్తు అటే ఉండేట్టు కొత్తది పెట్టండి. తరువాత బయోస్‌లోకి వెళ్ళి తేదీతో పాటు బూట్ వరుస కూడా చూసుకోవాలి, అదీ మొదటికి వచ్చి ఉండవచ్చు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 20.04 ఉంది, 4 జీబీ ర్యామ్. నేరుగా 24.04కు పోవచ్చా? ఫార్మాట్ చేయడం మంచిదా?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, తాంబరం

జవాబు: నేరుగా పోలేరు. ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్ళు అప్‌డేట్లు అందే వెర్షన్) నుంచి తరువాతి ఎల్‌టీఎస్‌కు మెట్టు మెట్టుగానే: 20.04 నుంచి 22.04, అక్కడ రీబూట్ చేసి ఒకటి రెండు రోజులు వాడి చూసి, తరువాత 24.04. రిపాజిటరీ ఫైలులో ‘ఫోకల్’ అన్న పేరు కొట్టేసి ‘నోబుల్’ అని రాసి ఫుల్-అప్‌గ్రేడ్ కొట్టే అడ్డదారి కొందరు చెబుతారు. డెబియన్‌లో పేరు మార్చడమే అధికారిక పద్ధతి, అయినా అక్కడా మెట్టు దాటకూడదు. ఉబుంటులో ఈ పని ‘డూ-రిలీజ్-అప్‌గ్రేడ్’దే. పేర్లు మారిన ప్యాకేజీలకు, తీసేయాల్సినవాటికి విడి సూత్రాలు దానిలో రాసి ఉంటాయి. చేత్తో పేరు మారిస్తే అవేవీ వర్తించవు.

ముందుగా మీ ఫైళ్ళు బయటి డిస్కులోకి. ఇది లాంఛనం కాదు, రెండు వెర్షన్లు దాటబోతున్నారు. తరువాత ఉన్న 20.04నే పూర్తిగా తాజా చేసి రీబూట్ చేయండి. ‘డీఎఫ్ -హెచ్ /’ చూడండి. 10 జీబీకి తక్కువ ఖాళీ ఉంటే మొదలుపెట్టవద్దు. ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ కొడితే మీరు ఎప్పుడో కదలకుండా కట్టేసి మరిచిన ప్యాకేజీలు బయటపడతాయి, వాటి కట్టు విప్పండి. పీపీఏల (బయటివాళ్ళు నడిపే విడి రిపాజిటరీల) మాట అన్నిటికంటే ముఖ్యం. అప్‌గ్రేడ్ చేసే ప్రోగ్రామ్ పీపీఏ వరుసలను ఆపుతుంది కానీ, వాటి నుంచి వచ్చిన ప్యాకేజీలు అక్కడే కూర్చుని ఉంటాయి. ‘పీపీఏ-పర్జ్’ అనే పనిముట్టు వేసుకుని ఆ ప్యాకేజీలను ఉబుంటు సొంత వెర్షన్లకు దించితే మధ్యలో ‘కుడ్ నాట్ క్యాలిక్యులేట్ ది అప్‌గ్రేడ్’ అన్న గోడ తగలదు.

అప్పుడు చార్జర్ పెట్టి ‘సుడో డూ-రిలీజ్-అప్‌గ్రేడ్’. ‘కొత్త రిలీజ్ లేదు’ అంటే /ఈటీసీ/అప్‌డేట్-మేనేజర్/రిలీజ్-అప్‌గ్రేడ్స్ ఫైలులో ‘ప్రాంప్ట్=ఎల్‌టీఎస్’ అని ఉందో లేదో చూడండి, ‘నెవర్’ అని ఉంటే ఎన్నటికీ అడగదు. మధ్యలో ఒక్కో సెట్టింగు ఫైలు గురించి ‘మీది ఉంచనా, కొత్తది పెట్టనా’ అని ఆగి అడుగుతుంది. మీరు చేత్తో మార్చిన ఫైలైతే ‘ఎన్’, పాతదే ఉండి కొత్తది ‘.డీపీకేజీ-డిస్ట్’ తోకతో పక్కన నిలుస్తుంది. ఎప్పుడూ మార్చిన గుర్తు లేకపోతే ‘వై’, అప్పుడు మీ పాతది ‘.డీపీకేజీ-ఓల్డ్’ తోకతో దొరుకుతుంది. ‘డి’ నొక్కితే రెండింటి తేడా చూపిస్తుంది. ఏది నొక్కినా కొంప మునగదు. ఆ ప్రశ్న దగ్గర తెర వదిలేసి నిద్రపోతేనే తెల్లారేదాకా అక్కడే ఉంటుంది.

కరెంటు పోయి మధ్యలో ఆగిందా? ఫార్మాట్ ఆలోచన ఇంకా వద్దు. కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో రికవరీ మోడ్, అందులో రూట్ షెల్. అక్కడ డిస్కు చదవడానికి మాత్రమే తెరిచి ఉంటుంది కనుక మొదట ‘మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /’. ఆ తరువాత లాక్ ప్రశ్న జవాబులో చెప్పిన డీపీకేజీ, ఫిక్స్-బ్రోకెన్ ఆదేశాలు, చివరికి ‘ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్’. చాలావాటికి ఇంతకు మించి అక్కర్లేదు.

ఇక మీ 4 జీబీ సంగతి. 24.04 మామూలు డెస్క్‌టాప్ దానిలో నడుస్తుంది కానీ, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఈడుస్తుంది. మీ ఫైళ్ళుండే /హోమ్ విడి పార్టిషన్‌లో (డిస్కు భాగంలో) ఉంటే మా ఓటు జుబుంటు గానీ లుబుంటు గానీ కొత్తగా వేసుకోవడానికే: రెండు అప్‌గ్రేడ్లకు పట్టే వేళలో మూడో వంతు చాలు. /హోమ్ పార్టిషన్‌ను ఎంచుకుని, ఫార్మాట్ గడిలో టిక్కు మాత్రం పెట్టకండి. ఏదీ మార్చే ఉద్దేశం లేకపోతే ఉబుంటు ప్రో ఉంది. సొంత వాడకానికి 5 యంత్రాల దాకా ఉచితం. ఖాతా తెరిచి టోకెన్ తీసుకుని ‘సుడో ప్రో అటాచ్’ తరువాత అది అతికిస్తే 20.04కు 2030 దాకా భద్రతా సవరణలు వస్తాయి.

ప్రశ్న: కెర్నల్ అప్‌డేట్ అవుతుంటే ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’. డిస్కులో 200 జీబీ ఖాళీ ఉంది!
– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, వేళచ్చేరి

జవాబు: ఖాళీ ఉన్నది పెద్ద గదిలో, నిండింది గూడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు ఎన్‌క్రిప్షన్ ఎంచుకుని ఉంటారు. అప్పుడు /బూట్ విడి పార్టిషన్ అవుతుంది, పాత ఇన్‌స్టాలర్లు దానికి ఒక జీబీ కూడా ఇవ్వలేదు. ‘డీఎఫ్ -హెచ్ /బూట్’ కొడితే 100 శాతం కనిపిస్తుంది. ప్రతి కెర్నల్‌కూ బూట్ మొదట్లో వాడుకునే ‘ఇనిట్ర్‌డీ’ ఫైలు ఒకటుంటుంది, గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్ కూడా చేరితే ఒక్కొక్కటే వంద ఎంబీ దాటడం మామూలు. పైగా కొత్తది రాశాకే పాతది పోతుంది. కాబట్టి రెండు కెర్నళ్ళు ఉంచుకోవాలంటే మూడింటికి చోటుండాలి.

ముందు ‘యూనేమ్ -ఆర్’ కొట్టి ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ నంబరు కాగితం మీద రాసుకోండి. దాని జోలికి పోకూడదు. ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్’ కొట్టండి, చాలామందికి ఇంతటితో పని అయిపోతుంది. మీకు ఇది కూడా అదే లోపంతో ఆగవచ్చు, ఎందుకంటే సగంలో ఉన్న కొత్త కెర్నల్‌ను ముందు పూర్తి చేయబోతుంది, దానికే చోటు లేదు. చోటు కోసం పనీ, పని కోసం చోటూ అన్న ముడి. విప్పే మార్గం: /బూట్‌లో అన్నిటికన్నా పాత ఇనిట్ర్‌డీ ఫైలు ఒక్కదాన్ని (నడుస్తున్నది కానిదాన్ని) ‘సుడో ఎంవీ’తో మీ హోమ్‌లోకి తరలించండి. చెరపకండి, తరలించండి. ఇప్పుడు ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’. అది సాఫీగా ముగిశాక ఆ పాత కెర్నల్‌ను పద్ధతిగా తీసేయాలి: ‘సుడో ఆప్ట్ పర్జ్’ తరువాత ‘లినక్స్-ఇమేజ్-’, ‘లినక్స్-మాడ్యూల్స్-’ లకు ఆ నంబరు తగిలించి. గ్రబ్ మెనూ దానంతటదే సరిదిద్దుకుంటుంది. రీబూట్ అయ్యి బాగుందనుకున్నాక హోమ్‌లోని ఫైలు చెరిపేయవచ్చు.

కొందరు /బూట్‌లోకి పోయి పాత ఫైళ్ళన్నీ ఆర్ఎమ్‌తో ఊడ్చేస్తారు. చోటు దొరుకుతుంది, నిజమే. కానీ ప్యాకేజీ ఖాతాలో ఆ కెర్నల్ ఇంకా ఉన్నట్టే లెక్క, దాని ఇనిట్ర్‌డీ మళ్ళీ పుట్టుకు రావచ్చు. రెండు నెలల్లో మళ్ళీ ఇదే ఉత్తరం మాకు రాస్తారు.

ఆటోరిమూవ్ చేసినా పాతవి పోకుండా ఉంటే, ఎప్పుడో వాటిని పేరు పెట్టి ఇన్‌స్టాల్ చేసి ఉంటారు. చేత్తో వేసినవాటిని అది ముట్టదు. ‘ఆప్ట్-మార్క్ షోమాన్యువల్’ జాబితాలో నంబరుతో ఉన్న లినక్స్-ఇమేజ్‌లు కనిపిస్తే వాటిని ‘సుడో ఆప్ట్-మార్క్ ఆటో’తో మార్చండి. గూడు మరీ చిన్నదైతే /ఈటీసీ/ఇనిట్రామ్‌ఎఫ్ఎస్-టూల్స్/ఇనిట్రామ్‌ఎఫ్ఎస్.కాన్ఫ్‌లో ‘కంప్రెస్=ఎక్స్‌జెడ్’ (కంప్రెస్ పెద్ద అక్షరాల్లో) అని పెట్టి ‘సుడో అప్‌డేట్-ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ -యూ -కే ఆల్’ కొడితే ఫైళ్ళు కొంత తగ్గుతాయి. అవి తయారవడానికి ఎక్కువ సేపు పడుతుంది, అంతే. అదే ఫైలులో ‘మాడ్యూల్స్=డెప్’ (మాడ్యూల్స్ పెద్ద అక్షరాల్లో) ఇంకా తగ్గిస్తుంది. కానీ ఆ డిస్కు పీకి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే బూట్ కాకపోవచ్చు. మాకైతే ఆ బేరం నచ్చదు.

ప్రశ్న: ఫైర్‌ఫాక్స్ ‘13 రోజులే మిగిలాయి, మూసేయండి’ అని బెదిరిస్తోంది. పైగా ఫోన్ హాట్‌స్పాట్ డేటా తెలియకుండానే అయిపోతోంది.
– ఒక పరిశోధక విద్యార్థిని, అడయారు

జవాబు: రెండింటికీ మూలం ఒకటే, స్నాప్ అనే మరో ప్యాకేజీ పద్ధతి. 22.04 నుంచి ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తోంది. స్నాప్‌లు ఆప్ట్ మాట వినవు, రోజుకు నాలుగుసార్లు తమంతట తాము తాజా చేసుకుంటాయి. తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌ను మాత్రం 14 రోజుల దాకా ముట్టవు, ఆ లెక్కే మీరు చూస్తున్నది. అన్ని కిటికీలూ మూసి ‘సుడో స్నాప్ రీఫ్రెష్ ఫైర్‌ఫాక్స్’ కొట్టి తెరిస్తే బెదిరింపు ఆగుతుంది.

డేటా కోసం ‘సుడో స్నాప్ సెట్ సిస్టమ్ రీఫ్రెష్.మీటర్డ్=హోల్డ్’. అది పనిచేయాలంటే హాట్‌స్పాట్‌కు కొలత ఉందని కంప్యూటర్‌కు తెలియాలి: వైఫై సెట్టింగులలో ఆ కనెక్షన్ పక్కన పళ్ళచక్రం గుర్తు నొక్కి ‘మీటర్డ్ కనెక్షన్’ పెట్టండి. కొత్త వెర్షన్ చెడిపోయిందనిపిస్తే ‘సుడో స్నాప్ రివర్ట్ ఫైర్‌ఫాక్స్’ పాతదాన్ని తెస్తుంది. పాత ప్రతి ఒకటి డిస్కులో ఉంచుకునేది అందుకే.

ప్రశ్న: మా సర్వర్ 22.04. క్లయింట్ తరఫు ఆడిటర్ స్కానర్ పెట్టి ‘ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 8.9, సీవీఈ-2024-6387 ఉంది, 9.8కి మార్చండి’ అని రాశాడు. ఆప్ట్ మాత్రం ‘ఇంతకన్నా కొత్తది లేదు’ అంటోంది. సోర్సు నుంచి కంపైల్ చేసేదా?
– ఒక సిస్టమ్ అడ్మిన్, అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్

జవాబు: చేయకండి. స్కానర్ చూసింది తలుపు మీది పేరు, లోపలి తాళం కాదు.

ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ అంటే సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ కానిచ్చే ప్రోగ్రామ్, సీవీఈ అంటే బయటపడిన భద్రతా లోపానికి ఇచ్చే నంబరు. ఆ లోపం 2024 జూలై 1న బయటపడింది. అసలు తయారీదారులు 9.8లో సరిచేశారు. ఉబుంటు, డెబియన్ లాంటివి ఎల్‌టీఎస్ మధ్యలో వెర్షన్ మార్చవు. సవరణ ముక్కను మాత్రమే కోసి పాత వెర్షన్‌కు అతికిస్తాయి, దాన్ని బ్యాక్‌పోర్ట్ అంటారు. అందుకే ముందు భాగం 8.9పీ1 గానే ఉండి, తోక మారుతుంది. 22.04లో ఈ సవరణ వచ్చిన తోక 3ఉబుంటు0.10. ‘ఆప్ట్ పాలసీ ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్-సర్వర్’ కొట్టండి. ఇన్‌స్టాల్డ్ వరుసలో తోక అంతకు సమానమైనా, ఎక్కువైనా మీ సర్వర్ ఆ లోపం నుంచి బయటపడినట్టే. 0.10 అంటే సున్నా పాయింట్ ఒకటి కాదు, పదో సవరణ. 0.9 కంటే కొత్తది. ఇక్కడ పొరబడిన ఆడిటర్లు కూడా ఉన్నారు.

ఆడిటర్‌కు పంపాల్సిన సాక్ష్యం ‘ఆప్ట్ చేంజ్‌లాగ్ ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్-సర్వర్’లో ఉంటుంది. అందులో ఆ సీవీఈ నంబరు వెతికి ఆ పేరాను, దానితో పాటు ఉబుంటు భద్రతా ప్రకటనను జతచేయండి. సర్వర్‌లోకి లాగిన్ అయి ప్యాకేజీ తోక చూసే స్కానర్లున్నాయి. అలా పెట్టి నడపమని అడిగితే ఈ గొడవ మళ్ళీ రాదు. సోర్సు నుంచి కంపైల్ చేస్తే ఈ నెల ఆడిట్ గట్టెక్కుతుంది గానీ, ఆ క్షణం నుంచి ఆ ప్రోగ్రామ్ ఆప్ట్ చేతిలో ఉండదు. వచ్చే ఏడాది మరో లోపం వస్తే గుర్తుపెట్టుకుని మళ్ళీ కంపైల్ చేయాల్సింది మీరే.

కొత్తదే భద్రం అన్న మాట కూడా అన్నివేళలా చెల్లదు. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్ళను కుదించే ప్రోగ్రామ్) దొంగదారి 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఉండింది. తాజాతాజాగా వడ్డించే డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖలకు అది చేరింది. పాత వెర్షన్ పట్టుకుని కూర్చున్న డెబియన్ స్టేబుల్‌కు చేరలేదు.

మీరు అడగని మాట ఒకటి. ప్యాకేజీ తాజా అయినంత మాత్రాన నడుస్తున్న ప్రోగ్రామ్ తాజా కాదు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ మారినా, దాన్ని ముందే మెమరీలోకి తెచ్చుకున్న వెబ్ సర్వర్ పాత ప్రతితోనే నడుస్తుంటుంది. ‘సుడో నీడ్‌రీస్టార్ట్’ ఏయే సేవలను తిరిగి లేపాలో చెబుతుంది. /వార్/రన్/రీబూట్-రిక్వైర్డ్ అన్న ఫైలు ఉంటే మొత్తం యంత్రాన్నే లేపాలి. స్కానర్‌కు ఇవేవీ కనబడవు, అసలు ప్రమాదం మాత్రం ఇక్కడ ఉంటుంది.

ప్రశ్న: రిచీ స్ట్రీట్‌లో కొన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్. అప్‌డేట్ అయిన ప్రతిసారీ పనిచేయడం మానేస్తుంది.
– వ్యాసర్‌పాడి పాఠకుడు

జవాబు: డ్రైవర్‌ను ‘మేక్ ఇన్‌స్టాల్’తో వేసి ఉంటారు. అది /లిబ్/మాడ్యూల్స్ కింద ఆనాటి కెర్నల్ నంబరు గల ఫోల్డర్‌లో పడుతుంది. కొత్త కెర్నల్‌కు కొత్త ఫోల్డర్, అందులో మీ డ్రైవర్ ఉండదు. తక్షణానికి గ్రబ్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్‌తో లేవండి, లేదా ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌తో తగిలించండి. తరువాత ‘డీకేఎంఎస్’, ‘లినక్స్-హెడర్స్-జెనరిక్’ ప్యాకేజీలు వేసుకుని, అదే డ్రైవర్‌ను డీకేఎంఎస్ పద్ధతిలో ఎక్కిస్తే కెర్నల్ మారినప్పుడల్లా తనే కొత్తగా కట్టుకుంటుంది. ‘డీకేఎంఎస్ స్టేటస్’లో కొత్త కెర్నల్ నంబరు పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని చూశాకే రీబూట్ చేయండి. సెక్యూర్ బూట్ ఉన్న యంత్రంలో ఒకసారి పాస్‌వర్డ్ అడిగి, రీబూట్‌లో నీలం తెర చూపిస్తుంది. అక్కడ ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకోవాలి. ‘కంటిన్యూ బూట్’ నొక్కితే డ్రైవర్ ఉన్నా లోడ్ కాదు.

ముందు ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’తో చిప్ ఏదో చూడండి. రియల్‌టెక్ 8821సీయూ, 8822బీయూ రకాలకు కెర్నల్ 6.2 నుంచి డ్రైవర్ లోపలే ఉంది. 24.04 మొదలయ్యేదే 6.8తో. అవైతే బయటి డ్రైవర్ తీసేయడమే వైద్యం.

ప్రశ్న: మా ట్యూషన్ సెంటర్లో 25 ఉబుంటు కంప్యూటర్లు. ఒక్కోటి విడివిడిగా అప్‌డేట్ దించుకుంటుంటే బ్రాడ్‌బ్యాండ్ చాలడం లేదు.
– ఒక నిర్వాహకుడు, అవడి

జవాబు: ఒక యంత్రం దించితే మిగతా 24 దాని దగ్గరే తీసుకోవచ్చు. 300 ఎంబీ అప్‌డేట్ వస్తే ఇప్పుడు మీ లైను మీద 7.5 జీబీ పోతోంది, అప్పుడు 300 ఎంబీయే పోతుంది.

ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ ఒకటి ఎంచుకుని రౌటర్‌లో దానికి ఐపీ స్థిరం చేయండి, 192.168.1.10 అనుకుందాం. దాని మీద ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ’. ఇది 3142 పోర్టులో వింటుంది. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టి ఉంటే మీ లోపలి నెట్‌వర్క్‌కు మాత్రం ఆ పోర్టు తెరవండి. మిగతా కంప్యూటర్లలో /ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డీ కింద ‘00ప్రాక్సీ’ అని ఫైలు పెట్టి రెండు వరుసలు రాయాలి. మొదటిది ‘అక్వైర్::హెచ్‌టీటీపీ::ప్రాక్సీ’కి ముందు ‘హెచ్‌టీటీపీ://’ పెట్టి ఆ ఐపీ, పోర్టు. రెండోది ‘అక్వైర్::హెచ్‌టీటీపీఎస్::ప్రాక్సీ’కి ‘డైరెక్ట్’. విలువలు కొటేషన్ గుర్తుల్లో, వరుస చివర సెమికోలన్. అక్వైర్‌లో ఏ, ప్రాక్సీలో పీ పెద్ద అక్షరాలు, డైరెక్ట్ మొత్తం పెద్ద అక్షరాలు. రెండో వరుస మరిస్తే క్రోమ్, వీఎస్ కోడ్ లాంటి హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీలు ఆ ప్రాక్సీ గుండా పోబోయి లోపం చూపిస్తాయి.

అన్ని యంత్రాల్లోనూ ఒకే ఉబుంటు వెర్షన్ ఉంటేనే లాభం. మొదటి కంప్యూటర్‌ను అప్‌డేట్ చేయనిచ్చి, అది ముగిశాక మిగతావి మొదలుపెట్టండి. నిల్వకు 20 జీబీ కేటాయించండి. స్నాప్‌లు ఈ దారిన రావు, అవి నేరుగానే దిగుతాయి. వాటిని ల్యాబ్ మూసే వేళకు నెట్టాలంటే ‘సుడో స్నాప్ సెట్ సిస్టమ్ రీఫ్రెష్.టైమర్=’ పక్కన మీ సమయం, ఉదాహరణకు 19:00-21:00. ఏ విద్యార్థి ల్యాప్‌టాప్‌లోనైనా ఈ ‘00ప్రాక్సీ’ ఫైలు పెడితే ఇంటికి పోయాక అప్‌డేట్ కొట్టగానే ‘కనెక్ట్ కాలేదు’ అంటుంది, అక్కడ 192.168.1.10 ఉండదు కదా. ల్యాబ్‌లో కదలని యంత్రాలకే పెట్టండి.